తెర మీది రెండు పేర్లు

బోధన్
12-8-2006

తమ్ముడు మోషే,

ఈసారి వందనాలు రాయడానికి మనసొప్పడం లేదు.

నిన్న జక్రాన్‌పల్లి బడిలో కంప్యూటర్ మళ్లీ స్టార్ట్ కావడం లేదంటే ఫ్లాపీల డబ్బా పట్టుకుని వెళ్లాను. హెడ్‌మాస్టర్ నవ్వాడు. "మొన్న మీ తమ్ముడు పెన్‌డ్రైవ్ పెట్టంగనే షురువైంది. తెర మీద ఆయన పేరే వచ్చింది. 'మా అన్నకు ఫ్లాపీలు తప్ప ఏం రాదు' అన్నడు" అని చెప్పాడు.

పాడైన కంప్యూటర్‌ను లేపే ఆ పెన్‌డ్రైవ్ తయారు చేయడానికి నాకు ఎనిమిది రోజులు పట్టింది. మన రిపేరు దుకాణంలో ఉన్నది అదొక్కటే అయినా నీకిచ్చి, పాత ఫ్లాపీలు నేనుంచుకున్నాను. మొదటి తెర మీద మనిద్దరి పేర్లూ వచ్చేలా రాశాను.

నా పేరు చెరిపేశావు. అది ఏ ఫైలులో ఉంటుందో నీకు చూపించింది నేనే కదా.

అన్న