కుట్టుమిషన్ల ఫోరం, నా రోజువారీ బ్యాకప్

జూన్ 1, ఆదివారం

ఉదయం 8:10. నిర్ణయం జరిగిపోయింది! ఇవాళ్టి నుంచి మా ఫోరానికి రోజూ బ్యాకప్. ఒక్క రోజు కూడా తప్పేది లేదు.

గడియారాలు బాగుచేసేవాళ్ల ఫోరం ఒకటి మొన్న మాయమైంది. పదేళ్ల చర్చలు! నడిపేవాడి దగ్గర కాపీ కూడా లేదట. ఇలాంటివాళ్లను ఏమనాలి? బావకు చెప్పి పగలబడి నవ్వాను. బావ నవ్వలేదు. తన చిన్న తెల్లబోర్డు మీద ఒక్క మాట రాసి చూపించాడు. "మనది?"

నా నవ్వు ఆగిపోయింది.

బావ కుట్టుమిషన్ల మెకానిక్. ఎనిమిదేళ్ల కిందట గొంతు ఆపరేషన్‌తో మాట పోయింది. రోజంతా కస్టమర్లతో వాగే మనిషి గోడ వంక చూస్తూ కూర్చుంటే అక్క చూడలేకపోయింది. అప్పుడు పెట్టాను ఈ ఫోరం. అందులో బావ పేరు మిషన్ డాక్టర్. ఇప్పటికి 3,214 జవాబులు రాశాడు. అక్క పొద్దున్నే టీ గ్లాసుతో కూర్చుని అవన్నీ చదువుతుంది. "చదువుతుంటే ఆయన గొంతే వినిపిస్తుందిరా" అంటుంది.

8:40. కావలసినవి:
1. కంప్యూటరుకు బయట తగిలించుకునే డిస్కు.
2. రంగు లేబుళ్లు.
3. రిజిస్టరు.
4. పట్టుదల (ఉంది).

జూన్ 2, సోమవారం

సాయంత్రం 6:30. కళ్లద్దాల షాపులో డ్యూటీ అయ్యాక డిస్కు కొన్నాను. లేబుళ్లు ఏడు రంగులవి దొరికాయి! వారానికి సరిగ్గా సరిపోతాయి.

8:15. రిజిస్టరులో గీతలు గీశాను. అంచుకు ఎర్ర పెన్ను. ముచ్చటగా వచ్చింది. ఈ హడావుడిలో పొద్దుపోయింది. బ్యాకప్ రేపు.

ఫోరంలో ప్రకటన కూడా పెట్టాను. "ఇక మీరంతా నిశ్చింతగా ఉండవచ్చు." నలభై ఒక్కమంది చప్పట్లు కొట్టారు. నిక్కచ్చి అనే సభ్యుడు మాత్రం "మొదలుపెట్టాక చెప్పండి" అని రాశాడు. అతనంతే. బావ ఏం రాసినా "మీరు 2019లో ఇలా అనలేదే" అంటూ పోట్లాటకు దిగుతాడు.

జూన్ 3, మంగళవారం

సాయంత్రం 7:00. ఫోరంలో రెండు భాగాలుంటాయి. ఫైళ్లు అంటే బొమ్మలు, బటన్లు, రంగులు. డేటాబేస్ అంటే అసలు మాటలు, ఎవరెప్పుడు ఏం రాశారో అంతా. ముందు ఫైళ్లు డిస్కులోకి దించాను. నూటికి నూరు శాతం!! రిజిస్టరులో పెద్ద టిక్కు.

అక్క చూసింది. "సగం పనికి నిండు టిక్కు ఎందుకురా?"

డేటాబేస్ రేపు.

జూన్ 4, బుధవారం

తలనొప్పి. తలనొప్పితో డేటాబేస్ ముట్టుకోవడం ప్రమాదం. ఇది బద్ధకం కాదు, జాగ్రత్త.

జూన్ 5, గురువారం

ఉదయం 7:30. అసలు మనిషి చేత చేయించడమే తప్పు! యంత్రానికి తలనొప్పి రాదు. రోజూ మధ్యాహ్నం పన్నెండుకు ఫోరం ఫోల్డరు మొత్తం, డేటాబేసుతో సహా, దానంతట అదే కాపీ అయ్యేలా పెట్టేశాను. కాపీలు 'భద్రం' అనే ఫోల్డరులో పడతాయి. ఎక్కడో వెతుక్కునే పని లేకుండా ఆ భద్రాన్ని ఫోరం ఫోల్డరు లోపలే పెట్టాను. ఈ బుర్ర ముందే ఎందుకు వెలగలేదో!

సాయంత్రం 6:50. మళ్లీ నిక్కచ్చి. "కాపీ ఎక్కడ పడుతోంది? ఫోరం ఉన్న సర్వర్లోనేనా?" ఆ వెటకారం చూడాలి! నెల రోజులు బహిష్కరించాను.

బావ బోర్డు పట్టుకుని మేడమీది నా గదికి మెట్లెక్కి వచ్చాడు. "వాణ్ని ఎందుకు తీసేశావు? నేనెవరితో పోట్లాడాలి?"

జూన్ 7, శనివారం

దానంతట అదే జరుగుతోంది. చూడనక్కర్లేదు, అదే దీని గొప్ప. వచ్చే శనివారం దాకా టిక్కులు ఇవాళే పెట్టేశాను.

జూన్ 9, సోమవారం

సర్వర్ కంపెనీ నుంచి మెయిల్. "మీ స్థలం వేగంగా తగ్గుతోంది." పెద్ద ప్లాను అంటగట్టడానికి ఎన్ని ఎత్తులో! మనమా పడేది?

జూన్ 11, బుధవారం

మధ్యాహ్నం 12:20. ఫోరం తెరుచుకోవడం లేదు.

12:30. కంపెనీ టెక్నీషియన్‌కు ఫోన్. "స్థలం నిండిపోయిందండీ. ఏదైనా తీసేయండి."

12:40. ఫోరం మూడు జీబీ. 'భద్రం' దగ్గర దగ్గర రెండు వందలు! ప్రతి కాపీలో నిన్నటి కాపీ ఉంది. నిన్నటి దాంట్లో మొన్నటిది. రోజుకు రెండింతలు!

12:45. 'భద్రం' మొత్తం తుడిచేశాను. అసలుది ఉండగా కాపీలెందుకు?

12:55. ఫోరం తెరుచుకుంది! రంగులు ఉన్నాయి. బటన్లు ఉన్నాయి. ఒక్క పోస్టు కూడా లేదు.

1:10. టెక్నీషియన్: "చోటు లేనప్పుడు కొత్త పోస్టు రాయబోయి డేటాబేసులో పోస్టుల పట్టిక పాడైందండీ. ఏం ఫర్లేదు. బ్యాకప్ ఉంటుంది కదా, అందులోంచి పెట్టేసుకోండి."



"సార్? లైన్లో ఉన్నారా?"

సాయంత్రం 7:00. "ఫోరం రావట్లేదేంట్రా?" అని అక్క అడిగింది. మరమ్మతు జరుగుతోందని చెప్పాను.

జూన్ 12, గురువారం

తప్పు ఎవరిది:
1. సర్వర్ కంపెనీది. మెయిల్ మరీ మర్యాదగా రాశారు.
2. టెక్నీషియన్‌ది. "ఏదైనా తీసేయండి" అంటే?
3. నిక్కచ్చిది. అడిగేవాడు ఇంకాస్త గట్టిగా అడగాలి.

సాయంత్రం 6:40. షాపు నుంచి వచ్చేసరికి బావ గోడ వంక చూస్తూ కూర్చున్నాడు. నిజం చెప్పేశాను. నా డిస్కులో మిగిలింది బావ గీసి పెట్టిన 412 మిషన్ బొమ్మలు. వాటి కింద రాసిన మాట ఒక్కటీ లేదు.

బావ బోర్డు తుడిచాడు. పక్కన పెట్టేశాడు. అక్కే అంది, "ఒరేయ్, ఎనిమిదేళ్లు ఆయన మాట్లాడిందంతా పోయిందా?"

జూన్ 13, శుక్రవారం

ఉదయం 7:15. వేరే దారి లేదు. నిక్కచ్చికి క్షమాపణ మెయిల్ పెట్టాను.

7:19. జవాబు! "ఉన్నాయి. మిషన్ డాక్టర్ మాట మారుస్తాడని మా ఇద్దరి గొడవలన్నీ ఎప్పటికప్పుడు దాచుకున్నాను. మూడు చోట్ల." ఈయన షరతులు కూడా మూడే. బహిష్కరణ ఎత్తేయాలి. అందరి ముందూ క్షమాపణ చెప్పాలి. 2019లో బాబిన్, అంటే కింది దారపు కండె, గురించిన గొడవలో తనదే ఒప్పని మిషన్ డాక్టర్ ఒప్పుకోవాలి.

బావకు చూపించాను. మొదటి రెండింటికీ తలూపాడు. మూడోదానికి బోర్డు నిండా రాశాడు. "చచ్చినా ఒప్పుకోను."

7:50. అదే మాట నిక్కచ్చికి పంపాను. "అలా అంటాడని తెలుసు. పంపుతున్నాను" అని రాశాడు. మనిషి మంచివాడే!

జూన్ 14, శనివారం

640 జవాబులు వచ్చాయి. అన్నీ గొడవలే. కొత్తగా కుట్టు నేర్చుకునేవాళ్లకు బావ ఓపిగ్గా, విసుక్కోకుండా చెప్పినవన్నీ పోయాయి. వాటితో నిక్కచ్చికి పేచీ లేదు, అందుకని దాచుకోలేదు.

అక్క మొత్తం చదివింది. "అన్నీ తిట్లేరా ఇందులో. ఆయన నెమ్మదిగా చెప్పేవి ఏవీ?"

నాకు ఏడుపొచ్చింది. పైకి వచ్చేశాను.

జూన్ 15, ఆదివారం

ఉదయం 9:00. అక్క పిలిచింది. "నాకూ అందులో ఒక ఖాతా తెరువు." ఎనిమిదేళ్లు చదివిందే గాని ఎప్పుడూ ఒక్క ముక్క రాయలేదు. ఒక్కొక్క అక్షరం వెతుక్కుంటూ ఏదో ప్రశ్న కొట్టింది. బావ లేచి అక్క కుట్టుకునే మిషన్ దగ్గరికి నడిచాడు.

"ఇక్కడ కాదండీ," అని కంప్యూటరు చూపించింది అక్క. "అక్కడ చెప్పండి."

బావ కూర్చున్నాడు. నలభై నిమిషాలు టైపు చేశాడు.

10:15. ఇవాళ్టి నుంచి రోజూ బ్యాకప్! డిస్కు తీశాను. దాని కేబుల్ ఫోన్ చార్జింగుకని తీసుకెళ్లి షాపులో మరిచిపోయాను. ఆదివారం, షాపు మూత. రేపు చేద్దాంలే అని రాయబోయి ఆగాను. చేతిలో పెన్ను ఉంది. ఈ డైరీలోకే దించుతున్నాను.

ప్రశ్న: మా మిషన్ మీద దారం ఊరికే తెగిపోతోంది. నాకేమీ తెలియదు. మొదటి నుంచి చెప్పండి.

జవాబు (మిషన్ డాక్టర్): కంగారు పడకండి. సూది తీసి మొన గోటి మీద మెల్లగా జరపండి. గీసుకుంటే మొన పాడైనట్టు, మార్చేయండి. తర్వాత దారం మొత్తం లాగేసి, గుడ్డను నొక్కే పాదం పైకెత్తి, మళ్లీ మొదటి నుంచి ఎక్కించండి. పైదారం బిగువు కాస్త వదలండి. ఇంకా తెగితే మళ్లీ అడగండి. ఎన్నిసార్లయినా చెబుతాను. నాకేం పని, ఇక్కడే ఉంటాను.

10:40. ప్రశ్నలు 1, జవాబులు 1. రెండుసార్లు సరిచూశాను. ఒక్క అక్షరం కూడా పోలేదు.