భుజం తట్టే తూటా

ఆర్విల్‌కు వదిన రాసేది.

మీ అన్నయ్య లోవెల్ చేసిన తూటాలో మందు పెంచితే వేగం పెరుగుతుందనీ, అప్పుడు కంపెనీవాళ్లు కొంటారనీ రాశావు. నిజమే కావచ్చు.

గుర్రం మీంచి పడి భుజం విరిగాక నేను వేట మానేశాను. పేల్చగానే తుపాకీ వెనక్కి తన్నితే ఓర్చుకోలేకపోయేదాన్ని. ఆ చలికాలమంతా లోవెల్ వంటింటి బల్ల దగ్గరే కూర్చున్నాడు. తూటా ఇత్తడి గొట్టం మెడ నొక్కి సన్నం చేసి, తేలికపాటి గుండు బిగించి, మందు తగ్గిస్తూ పోయాడు. కిటికీ అవతల మంచు కురుస్తూనే ఉండేది.

"ఇంత మెత్తనిదానికి దుప్పి పడుతుందా, నవ్విపోతుందా?" అన్నాను.

"దుప్పి గోల తర్వాత. ముందు నువ్వు ఏడవకుండా పేల్చు చూద్దాం!"

తెల్లవారుతుండగా బిటర్‌రూట్ ఏటి ఒడ్డున పేల్చాను. గుండు గీత గీసినట్టు పోయింది. పొగమంచులో దుప్పి మెల్లగా ఒరిగింది. నా భుజానికి మాత్రం ఎవరో నిద్ర లేపుతున్నట్టు చిన్నగా తగిలింది. వేటరోజుల్లో లోవెల్ నన్ను అలాగే లేపేవాడు.

వేగం కావాలంటే వేరే తూటా చేసుకో, నీ పేరే పెట్టుకో. దీని జోలికి రాకు.

ఆయన పోయాక మొదటిసారి నిన్న ఏటికి వెళ్లాను. దుప్పి జాడ లేదు. ఖాళీ గట్టుకేసి ఒకటి పేల్చాను.

లోవెల్ నా భుజం తట్టాడు.