ముప్పై ఏడో కవరు

మార్చి 9, సోమవారం

బావకి నమస్కారాలు.

మేమిక్కడ క్షేమం, మీరక్కడ క్షేమమని తలుస్తాను అని రాయబోయి పెన్ను ఆపేశాను. నీ కుడికన్ను పోయి, ఒంటికన్నుతో బస్సు నడపడానికి వీల్లేదని డిపోలో తేల్చేశాక, క్షేమమని ఏ మొహం పెట్టుకుని రాయను?

ముందు కబుర్లు. నీ చెల్లెలు బాగుంది. రోజూ గంట నడుస్తుంది. నేను వెనకపడితే నాకంటే నత్త నయమని దెప్పుతుంది. మొన్నటి రక్తపరీక్షలోనూ షుగరు లేదు. అన్నయ్యకి రాయండి, సంతోషిస్తాడంది. ఆ సంతోషమే నన్ను చంపుతోంది.

ఆపరేషనయ్యాక నేను చూడ్డానికి రాలేదని అత్తయ్య నొచ్చుకుందట. ఆఫీసులో పనని చెప్పించాను కానీ అబద్ధం. మూడుసార్లు మీ వీధి మలుపు దాకా వచ్చాను. రెండుసార్లు అక్కడి మందుల షాపులో తలనొప్పి మాత్రలు కొనుక్కుని తిరిగొచ్చాను. మూడోసారి నువ్వు గుమ్మంలో గోడ పట్టుకుని చెప్పులు వెతుక్కుంటున్నావు. చెప్పులు నీ కాళ్ల ముందే ఉన్నాయి. అక్కణ్ణుంచే వెనక్కి తిరిగాను.

మా షుగరు పరిశోధనలో చేరమని నాలుగేళ్ల కిందట నీ వెంటపడింది నేనే కదా. మామయ్యకి షుగరుతో కాలు తీసేశారు, కాబట్టి మీ అన్నాచెల్లెళ్లకి ప్రమాదం ఎక్కువ, ముందే కనిపెడితే ఆపొచ్చని ఊదరగొట్టాను. చేరినవాళ్లని రెండు గుంపులు చేసేవాళ్లం, గుర్తుందా? మొదటి గుంపుకి వారం వారం క్లాసు, నడక, తిండి మీద కాపలా, మూడు నెలలకోసారి రక్తపరీక్ష. రాకపోతే ఫోన్లు చేసి ప్రాణం తీస్తాం. రెండో గుంపుకి సలహాల కాగితం ఒకటి, ఏడాదికో పరీక్ష. రాకపోతే అడిగే నాథుడుండడు. ఎవరు ఏ గుంపో మనుషులు తేల్చకూడదు. అంటించిన కవర్లుంటాయి, వాటి మీద నంబర్లు. వచ్చినవాళ్లకి వచ్చిన వరుసలో ఇవ్వాలి. ఆ కవర్లిచ్చే బల్ల నాది.

ఆ రోజు నువ్వు డ్యూటీ దిగి అలాగే వచ్చావు. నీ వెనకే చెల్లెలు. నీకు రెండో గుంపు, దానికి మొదటిది. పోనీలే బావా, మనలో ఒకరికైనా మంచి కాగితం వచ్చిందని నవ్వావు. తర్వాత రెండేళ్లు డ్యూటీలంటూ పరీక్ష ఎగ్గొట్టావు. ఎవరూ అడగలేదు. చడీచప్పుడు లేకుండా షుగరొచ్చి కంట్లో కూర్చుంది.

మొన్న ఫోన్లో నువ్వే నన్ను ఓదార్చావు. నా తలరాత ఇలా ఉంటే నువ్వేం చేస్తావు, నువ్వు మంచికే చేర్పించావు అన్నావు.

ఇంక రాయలేను. అత్తయ్యకి నమస్కారాలు, చిన్నీకి ఆశీస్సులు.

ఇట్లు,
నీ ఎదుట నిలబడలేని
బావ

తా.క. పిరికివెధవని నేను. కవరు అంటించేసి, మళ్లీ చింపాను. చిన్నీ, ఇదంతా నాన్నకి చదివి వినిపిస్తున్నది నువ్వేనని తెలుసు. ఇక్కడ ఆపకు తల్లీ. నాన్న బాధపడతాడని మాటలు మింగకు. ఉన్నదున్నట్టు చదువు.

బావా, అది తలరాత కాదు. ఆ పొద్దున మీరు రాకముందే రెండు కవర్లని ట్యూబులైటుకి అడ్డం పెట్టి చూశాను. ముప్పై ఏడు మొదటి గుంపు, ముప్పై ఎనిమిది రెండోది. వరుసలో ముందున్నది నువ్వు, కాబట్టి ముప్పై ఏడు నీది. దాన్ని రిజిస్టరు కింద దాచి, నీ చేతిలో ముప్పై ఎనిమిది పెట్టాను. నా పెళ్లానికి ఏమీ కాకూడదని నీ కవరు దానికిచ్చాను. దానికిదేమీ తెలీదు. ఈ ఉత్తరం పోస్టులో వేసి, ఇంటికెళ్లి చెబుతాను. పరిశోధన నడిపే డాక్టరమ్మకి పొద్దున్నే చెప్పేశాను. మీ ఇద్దరి వివరాలూ పరిశోధనలోంచి తీసేసింది, నన్ను రేపట్నుంచి రావద్దంది. ఆ మాత్రం శిక్షకి ఏడుపు కూడా రాలేదు.

ఏడుపొచ్చింది ఇంకోదానికి. చెల్లెలికి ఇచ్చెయ్ బావా అని ఆ రోజు ఒక్క మాట అడిగుంటే, రెండో మాట లేకుండా నీ చేత్తో నువ్వే ఇచ్చేవాడివి. నవ్వుతూ ఇచ్చేసేదాన్ని నేను దొంగిలించాను బావా.