బొమ్మలో కనబడని నొప్పి

నాకు యాభై ఎనిమిదేళ్ళు. పెళ్ళి చేసుకోలేదు. ముప్పై ఒక్క సంవత్సరాలుగా దంతశాలలో పళ్ళ సెట్లు తయారు చేస్తున్నాను. బుద్ధి స్థిమితంగా ఉండగా, ఎవరి ఒత్తిడీ లేకుండా, నా చేత్తో నేనే ఈ వీలునామా వ్రాస్తున్నాను. ఉదయం తొమ్మిదిన్నర దాటితే గాని నా వేళ్ళు ముడుచుకోవు కనుక మూడు మధ్యాహ్నాలు పట్టింది. అక్షరాలు వంకరపోతే ఆ దోషం వేళ్ళది, బుద్ధికి అంటగట్టరాదు.

నా ఆరోగ్యస్థితి ఇది. పద్నాలుగేళ్ళుగా కీళ్ళవాతం. ఆరేళ్ళుగా రొమ్ము ఎముకకు ఎడమ పక్కన, బొటనవేలు ఆనేంత చోట, నొప్పి. పదకొండు ఈసీజీలు, మూడు ఎకోలు, ఒక యాంజియోగ్రామ్ తీశారు; అన్నీ నిక్షేపంగా ఉన్నాయి. గుండె డాక్టరుగారు "ఏమీ లేదమ్మా, నిశ్చింతగా ఇంటికెళ్ళండి" అన్నారు. కీళ్ళ డాక్టరుగారు "పక్కటెముకల దగ్గర వాపు కావచ్చు, కాకపోనూవచ్చు" అన్నారు. మా ఇంట్లో ఆయన పేరు కావచ్చు డాక్టరు. "కానీ వాతమున్నవాళ్ళకి గుండెజబ్బు ముప్పు మామూలుకంటే ఎక్కువే, అశ్రద్ధ చేయకండి" అని హెచ్చరించిందీ ఆయనే. ఆ హెచ్చరిక వల్లనే ఈ కాగితం.

1. ఈ వీలునామాను అమలు జరిపే బాధ్యత దంతశాల యజమానికి అప్పగిస్తున్నాను. నాలుగేళ్ళ కిందట నన్ను ముందుపళ్ళ పని నుంచి తప్పించి దవడపళ్ళకు మార్చింది ఆయనే. ఆ కోపం తగ్గలేదు. అయినా వెంట్రుకవాసి తేడా ఉన్నా సెట్టు వెనక్కి పంపే మనిషి. ఈ పనికి అటువంటివారే కావాలి.

2. మైనంలో పళ్ళు చెక్కే నా కత్తులు ఆరూ, నా ముందుపళ్ళ పని అందుకున్న సన్నవేళ్ళాయనకు. మైనంలో పంటి అంచును ఆయన ఒక్క విసురుతో తీర్చడం పక్కబల్ల నుంచి రోజూ చూశాను. చూసిన ప్రతిసారీ కడుపు మండింది. కత్తుల పిడులకు నేను గుడ్డ చుట్టి లావు చేశాను, లేకపోతే నా పిడికిట్లో నిలవవు. ఆయన ఆ గుడ్డ విప్పేసుకోవచ్చు. దాని అవసరం ఆయనకెన్నడూ రాకూడదని కూడా కోరుకుంటున్నాను.

3. భూతద్దం బిగించిన నా బల్లదీపం ఎదురింటి దర్జీ అమ్మాయికి. తొమ్మిదేళ్ళుగా ప్రతి ఉదయం గుమ్మంలో నిలబడి, కూరలమ్మే మనిషిలా, "మూతలున్నాయా పిన్నీ, మూతలూ!" అని కేకవేసి, నా మందుసీసాలన్నీ తెరిచి పెట్టి వెళ్తోంది. ఒక్కరోజూ జాలిపడలేదు. అందుకు కృతజ్ఞతగా.

4. నా నొప్పి పుస్తకాలు నాలుగూ గుండె డాక్టరుగారికి. నొప్పి వచ్చిన వేళ, ఎంతసేపుంది, అప్పుడు కూర్చున్నానా పడుకున్నానా, వేలితో నొక్కితే పెరిగిందా, ఆ రోజు ఏ కీళ్ళు వాచాయి, అన్నీ ఉన్నాయి. నొప్పి రాగానే గోడకు వీపు ఆనించి కూర్చుని, గడియారం చూస్తూ పది నిమిషాలు నెమ్మదిగా ఊపిరి తీసుకుంటాను. రోజూ వచ్చే తీరు కాకుండా వేరుగా ఉంటే ఆగకుండా ఆసుపత్రికి. ఈ రెండో నియమం చివరి పుస్తకంలోనే మొదలైంది. ఎందుకన్నది ఆరవ నిబంధనలో ఉంది. నాలాంటి మనిషి మళ్ళీ మీ ఎదుట కూర్చుంటే "ఏమీ లేదు" అనకండి, "నాకు తెలియడం లేదు" అనండి. ఆ మాటతో మేము బతకగలం.

5. నా రెండు గదుల ఇల్లు, అందులోని సమస్తం, నా చెల్లెలికి. ఇల్లు రెండో అంతస్తులో ఉంది, దానికి మెట్లెక్కే శక్తి లేదు కనుక అమ్ముకోవచ్చు.

ఇది ప్రేమతోనే ఇస్తున్నాను, కానీ నాకు దానిమీద అసూయ లేదని ఎవరూ అనుకోకూడదు. మూడేళ్ళ కిందట చెల్లెలికి గుండెపోటు వచ్చింది. మూడు స్టెంట్లు వేశారు. దాని నొప్పికి బొమ్మ ఉంది. మరిది ఆ ఫైలు చంకలో పెట్టుకుని, వచ్చినవాళ్ళందరికీ "ఇదిగో, ఇక్కడ మూసుకుపోయింది, ఇక్కడ తెరిచారు" అని వేలు పెట్టి చూపించాడు. అందరూ తలలు దగ్గరపెట్టి చూశారు. నా పరీక్షల కవరు చూపించమని ఒక్కరూ అడగలేదు. అడిగినా చూపించడానికి అందులో ఏముంది? దాని మంచం పక్కన పండ్ల బుట్టలు, కాళ్ళ దగ్గర మొగుడు. ఆసుపత్రి వరండాలో నిలబడి, ఆ మూసుకుపోయిన రక్తనాళం నాదైతే బాగుండునని నేను అనుకున్న మాట నిజం.

6. గుండెపోటు వచ్చిన ఆ ఆదివారం ఉదయం ఏడూ ఇరవైకి చెల్లెలు నాకు ఫోను చేసింది. మరిది బజారుకు వెళ్ళాడు. "అక్కా, గుండెల మీద ఎవరో ఎక్కి కూర్చున్నట్టుందే. నీకొచ్చేది ఇలాగేనా?" అంది. నాకు ముందు కలిగింది భయం కాదు, కోపం. చిన్నప్పుడు నా రిబ్బన్లు, నా గొడుగు, కిటికీ పక్క నా పడక, ఏదైనా నాకూ అనేది. ఇప్పుడు నా నొప్పి కూడానా అనిపించింది.

"మూడేళ్ళుగా వస్తోంది నాకు, చచ్చానా? వేడినీళ్ళ సంచి పెట్టుకుని కదలకుండా కూర్చో, అదే పోతుంది" అన్నాను.

"చెమట పడుతోందక్కా."

"ఎండాకాలం పట్టదా మరి?" అని పెట్టేశాను.

మా ఇంట్లో నొప్పుల విషయంలో నా మాటే చివరి మాట. అక్క చెప్పిందని అది కదలకుండా కూర్చుంది. మరిది తిరిగొచ్చి చూసేసరికి రెండున్నర గంటలు గడిచాయి. గుండె కండరంలో కొంత భాగం ఇక కోలుకోదన్నారు. నొప్పి ఫలానా పంటి దగ్గరని సెట్టు పెట్టుకున్న మనిషి చూపిస్తాడు, సెట్టు నొక్కే చోటు మరెక్కడో ఉంటుంది. అందుకే నోట్లో పెట్టి చూడకుండా ఏ సెట్టునూ అరగదీయను. అంతటి దాన్ని, చెల్లెలి నొప్పిని చూడకుండానే తేల్చేశాను.

ఆనాటి నుంచి మరిది నలుగురిలోనూ దాన్ని దెప్పుతున్నాడు. "మొండిఘటం, చూశారా వదినా! రెండున్నర గంటలు నోరు మూసుకు కూర్చుంది. ఒక్క ఫోను చేయడానికి చేతులు పడిపోయాయా?" అని నాతోనే అంటాడు. అది నావైపు చూడకుండా, "పొరపాటైపోయింది, ఇంక వదిలేయండి" అంటుంది. ఈ మూడేళ్ళలో నాతో కూడా ఆ ప్రస్తావన తేలేదు. అంత నిబ్బరం దానికెక్కడిదని, దానిమీదా నాకు అసూయే.

కనుక ప్రకటిస్తున్నాను: చెల్లెలు ఫోను చేసింది. వెంటనే చేసింది. కూర్చోమన్నది నేను.

7. మిగిలిన నిబంధనలు నా మరణానంతరం అమలులోకి వస్తాయి. ఆరవది అంతవరకూ ఆగదు. నేను లేని గదిలో యజమాని చేత చదివించాలనే మొదట వ్రాశాను. నిన్న ఆ వాక్యం కొట్టేశాను. దాని గుండె నాకంటే ముందే ఆగిపోతే, చేయని తప్పును మోసుకునే పోతుంది. సాక్షుల సంతకాలు పూర్తికాగానే ఈ కాగితంతో వాళ్ళింటికి వెళ్తున్నాను. మరిది ఎదుట నేనే చదువుతాను. "మనింట్లో మనకెందుకే ఇవన్నీ" అని చెల్లెలు అడ్డుపడుతుంది; పడినా ఆపను. ఆ తర్వాత ఆ గడప నన్ను తొక్కనివ్వకపోయినా, ఐదవ నిబంధనలో అక్షరం మారదు.

తేదీ: 2025 మార్చి 11, మంగళవారం, మధ్యాహ్నం మూడున్నర.

సంతకం: (చేశాను)
పళ్ళ సెట్ల పనివారు, రెండో అంతస్తు

ఆమె మా ఎదుట, స్పృహతో, రెండుసార్లు ఆగి సంతకం చేశారని, ఇందులో మాకు ఎటువంటి లబ్ధీ లేదని ధ్రువీకరిస్తూ:

సాక్షి 1: వీధి చివరి మందుల దుకాణం యజమాని
సాక్షి 2: వేళ్ళకు వ్యాయామం నేర్పే ఫిజియోథెరపిస్టు. ఆమెను వాళ్ళ చెల్లెలి ఇంటి గుమ్మం వరకు దిగబెట్టింది కూడా నేనే; ఈ వాక్యం అక్కడే చేర్చాను.