తాళం పడిన మధ్యాహ్నం

పాస్టర్ అయ్యగారికి వందనాలు.

వాచ్‌మన్ ప్రేమ్‌రాజ్‌ను పనిలోంచి తీసేస్తారని విన్నాను. తప్పు అతనిది కాదు, మీ ప్రసంగానిది. దేవుని సన్నిధిలో ఊరకే కాసేపు కూర్చోమన్నది మీరే కదా!

బుధవారం అబిడ్స్‌లో కర్టెన్ల గుడ్డ కొని, నాంపల్లి వచ్చి, మన మందిరంలో వెనక బెంచీ మీద కూర్చున్నాను. కళ్ళు మూసుకున్నాను, అంతే. ఎవరూ లేరనుకుని ప్రేమ్‌రాజ్ తాళం వేసి భోజనానికి వెళ్ళాడు.

నేను ఫోన్ ఎత్తడం లేదని మా చెల్లెలు తబిత స్త్రీల సమాజాన్నంతా మందిరానికి ప్రార్థనకని వెంటబెట్టుకొచ్చింది. తలుపుకు తాళం చూసి, మెట్ల మీదనే ప్రార్థన మొదలుపెట్టారు.

"మా అక్క యాడున్నా జర కాపాడు తండ్రీ" అన్న తబిత ఏడుపుకు మెలకువ వచ్చింది. అలవాటు కొద్దీ లోపల్నుంచి గట్టిగా "ఆమేన్" అన్నాను.

సమాజం మొత్తం గేటు దాకా పరుగెత్తిందట. తబిత ఒక్కతే ఆగి, "ఏంది అక్కా, గీడ పండుకున్నవా?" అని తలుపు బాదింది. ప్రేమ్‌రాజ్ భోజనం చేసి వచ్చాకే తాళం తీశాడు.

సమాజం కార్యదర్శిగా ఇన్నేళ్ళూ ఆ మందిరంలో కుర్చీలు సర్దాను, టీలు పోశాను, అందరి మీదా అరిచాను. కూర్చున్నది మొన్ననే. లేచాక, ఇంటికెళ్ళే దాకా ఎవరినీ తిట్టలేదు. తబితే సాక్షి.

అందుకని ప్రేమ్‌రాజ్‌ను ఉండనివ్వండి. వచ్చే బుధవారం నన్ను లోపల పెట్టి తాళం వేయడానికి మనిషి కావాలి.

ఇట్లు,
వెనక బెంచీ నుంచి మీ సంఘస్థురాలు