మొదటి వరుస సీట్లు

ఒరేయ్ బావమరిదీ,

ఫోన్ చేస్తే మీ అక్క వింటుంది. అందుకే ఈ చీటీ హోటల్ వ్యాను డ్రైవరు చేతికిచ్చి పంపుతున్నాను.

బయట లాడ్జిలో దిగావని నిన్ను పిసినారి అన్నాను చూడు, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. పార్కు లోపలి హోటల్లో దిగితే ఆ పెద్ద రోలర్ కోస్టర్ రైడుకి అందరికంటే ముందే సీట్లు బుక్ చేసుకోవచ్చని గొప్పలు పోయింది నేనే. దొరికాయి. రేపు తొమ్మిదింటికి, మొదటి వరుసలో. కానీ మా కిటికీ సరిగ్గా దాని ఎదురుగానే ఉంది. పొద్దుటినుంచీ జనం కేకలు వింటున్నాను. ఇరవై ఏళ్లుగా లిఫ్టులు బాగుచేస్తున్నవాణ్ణి కదా, చూపంతా బోల్టుల మీదికే పోతోంది. “మీకేంటండీ, రోజూ గాల్లోనే కదా మీ పని!” అని మీ అక్క ఒకటే నవ్వు.

మా సీట్లు బంధువులకు ఇచ్చుకోవచ్చట. రేపు గేటు దగ్గర నువ్వూ చెల్లెమ్మా వాటికోసం నన్ను గట్టిగా బతిమాలండి. కాసేపు బెట్టుచేసి ఒప్పుకుంటాను.

ఇది రాస్తుంటే మీ అక్క కూడా మంచం మీద కూర్చుని, చెయ్యి అడ్డం పెట్టుకుని ఏదో రాస్తోంది. అదీ ఇదే వ్యానులో నీకే వస్తే, ఆవిణ్ణి కూడా అంతే గట్టిగా బతిమాలు.

ఇంకా నేలమీదే ఉన్న
మీ బావ