కొత్తవాళ్లు ముందు బూట్లు చూపించాలి

జూన్ 2

గ్రూపులో మళ్లీ కొత్తవాళ్లు వచ్చిపడ్డారు. ఒకడు చేరీ చేరగానే హాయ్ ఫ్రెండ్స్ అన్నాడు. ఇదేమన్నా పిక్నికా? వాడిని తీసి అవతల పారేశాను.

నాలుగువేల మంది ఉన్న గ్రూపు. అంబులెన్స్ వాళ్లు, క్యాజువాలిటీ నర్సులు, కంట్రోల్ రూమ్‌లో ఫోన్లెత్తేవాళ్లు. ఇక్కడ పేర్లుండవు, మొహాలుండవు. కొత్తగా వచ్చినవాళ్లు ముందు తమ బూట్ల ఫోటో పెట్టాలి. అదే పరిచయం. ఆ పద్ధతి పెట్టింది నేనే. బూట్లు తళతళలాడుతుంటే మనిషి ఇంకా బండెక్కలేదని అర్థం. ఆ తర్వాత నెల్లాళ్లు నోరు మూసుకుని పాత పోస్టులు చదువుకోవాలి. పేషెంట్ల ఊసు ఎత్తకూడదు. లవ్ గుర్తులు పెట్టకూడదు. అన్నిటికంటే ముఖ్యం ఏడో రూల్: డ్యూటీలో మన పార్ట్‌నర్ గురించి బయట మాట్లాడకూడదు. బండిలో మాట బండిలోనే.

ఎన్నిసార్లు చెప్పినా చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే ఉంటుంది.

నాతోపాటు ఇంకో అడ్మిన్ ఉంది, ఎక్కడో క్యాజువాలిటీలో హెడ్ నర్సట. ఆమెని కత్తెర అంటాం. హాయ్ ఫ్రెండ్స్ కుర్రాడి విషయంలో కాస్త ఎక్కువైందేమో అంది. నాకైతే తక్కువైందనిపించింది. నేను ఉద్యోగంలో చేరినప్పుడు నన్నెవరూ ఎత్తుకుని ముద్దాడలేదు.

జూన్ 5, సాయంత్రం

గ్రూపులోకే కాదు, మా అంబులెన్స్‌లోకి కూడా ఒక కొత్త శాల్తీ దిగింది. ట్రైనింగ్ ముగించుకుని తిన్నగా నా నెత్తిమీదికి పంపారు.

పిల్ల గొణుగుతుంది. ఏం అడిగినా సగం మాట నోట్లోనే. కాస్త గట్టిగా ఏడువమ్మా అన్నాను. మొదటిరోజే బాబాయ్ అని వరస కలిపింది. బాబాయ్ వద్దు, సార్ అంతకంటే వద్దు, ముందు పని నేర్చుకో అన్నాను. అప్పట్నుంచీ ఏమీ పిలవడం లేదు. ఏదైనా చెప్పాలంటే పనిగట్టుకుని నా ఎదురుగా వచ్చి నిలబడుతుంది. అదో అలవాటు.

ఇక డ్రైవర్. మా ఆవిడకి తమ్ముడి వరస, నన్ను బావా అంటాడు. వాడి పేరు అందరూ మర్చిపోయారు, హారన్ అంటేనే పలుకుతాడు. వీడికో రోగం. రేడియోలో అడ్రస్ వచ్చిందంటే దాన్ని చిలకలాగా రెండుసార్లు గట్టిగా వల్లిస్తాడు. నేను పక్కనే కూర్చుని వింటూనే ఉన్నాను కదా, నాకెందుకు పాఠం?

జూన్ 9

గుండెనొప్పి కేసు. మూడో అంతస్తు, లిఫ్ట్ పనిచేయదు. మెట్ల మధ్యలో పిల్ల ఎడమ బూటు లేసు పుటుక్కుమంది. అడుగు తీసి అడుగు వేయలేక అక్కడే తంటాలు పడుతోంది. నాకు ఒళ్లు మండిపోయింది. రక్తం తీసేముందు చేతికి కట్టే నీలం రబ్బరు పట్టీ జేబులోంచి తీసి, వంగి నేనే కట్టేశాను. రెండు పేటలు వేసి పక్కకి లాగి బిగించే ముడి. అది ఊడిరాదు, కత్తిరించాలి.

థాంక్స్ చెప్పినట్టుంది. గొణుగుడే కదా.

జూన్ 10

టీవీ సౌండ్ పాడైంది. మా ఆవిడ బాగానే ఉందంటోంది.

జూన్ 12

స్ట్రెచర్ దింపుతూ రోడ్డు మీద ఒక్క అడుగు వెనక్కి వేశాను. పిల్ల నా కాలర్ పట్టుకుని ఒక్క గుంజు గుంజింది. బైకు ఒకటి మోచెయ్యి రాసుకుంటూ పోయింది. హారన్ కొట్టకుండా వచ్చాడు వెధవ అన్నాను. కొట్టాడంది. చాలాసేపు కొట్టాడంది. ఎదురుగా నిలబడి మరీ చెప్పింది.

కాలర్ పట్టుకోవడం ఏం మర్యాద? నా వయసేమిటి, తన వయసేమిటి? అదే మాట అడిగాను.

జూన్ 14, సాయంత్రం

ఈరోజు సంగతి రాయాలని లేదు. రాస్తాను.

గోడలకి రంగులేసే మనిషి పరంజా మీంచి పడ్డాడు. ఆయాసపడుతున్నాడు. వాళ్ల అన్న కూడా బండెక్కాడు. స్టెత్ పెట్టి చూశాను. రెండు వైపులా గాలి ఆడుతోంది అన్నాను. పిల్ల తన స్టెత్ పెట్టింది. కుడివైపు ఏమీ వినబడటం లేదు, మళ్లీ చూడండి అంది. పేషెంట్ అన్న ముందు! నేను ఈ పని మొదలుపెట్టేనాటికి నువ్వు పుట్టలేదు అన్నాను. ఇంకా ఏవేవో అన్నాను. పిల్ల మొహం ఎర్రబడింది కానీ ఏడవలేదు. వాళ్ల అన్న ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూశాడు.

హాస్పిటల్ గుమ్మంలోనే పిల్ల పరిగెత్తి డాక్టర్‌కి చెప్పేసింది, నేను నోరు తెరవకముందే. ఆయన అక్కడికక్కడే చూసి ఛాతీలో ట్యూబ్ వేశాడు. కుడి ఊపిరితిత్తి ముడుచుకుపోయిందట. ఇంకాస్త ఆలస్యమైతే దక్కేవాడు కాదట. మనిషి బతికాడు.

డాక్టర్ నాతో ఏదో అన్నాడు. మాస్కు పెట్టుకుని మాట్లాడితే ఎవరికి అర్థమవుతుంది?

స్టెత్ పాతబడింది. కొత్తది కొనాలి.

జూన్ 15, మధ్యాహ్నం

కొత్తవాళ్లు పెట్టే మొదటి పోస్టు అడ్మిన్ల దగ్గర ఆగుతుంది. మేం సరేనంటేనే మిగతావాళ్లకి కనబడుతుంది. ఈరోజు వచ్చిన వాటిలో ఒక బూట్ల ఫోటో ఉంది. ఎడమ బూటుకి లేసు లేదు. నీలం రబ్బరు పట్టీ ఉంది. రెండు పేటలు వేసి పక్కకి లాగిన ముడి.

నా ముడి.

కింద ప్రశ్న. నెల్లాళ్లు ఆగాలన్న జ్ఞానం లేదు, చేరిన రోజే. తన సీనియర్‌కి వినపడటం తగ్గిపోయిందట. అది ఆయనకి తెలుసో లేదో తనకి తెలియదట. నిన్న ఒక మనిషి ప్రాణం మీదికొచ్చిందట. పైవాళ్లకి చెబితే ఆయన ఉద్యోగం పోతుంది, చెప్పకపోతే ఇంకోసారి ఎవరో పోతారు, ఆయన మనసు నొచ్చుకోకుండా ఎలా చెప్పాలో పెద్దలు చెప్పాలట.

తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమంటే ఇదే. వచ్చి నిండా రెండు వారాలు కాలేదు! నేను కట్టిన లేసుతోనే నా మీద ఫిర్యాదు! ఈ గ్రూపు సంగతి హారన్ గాడే చెప్పి ఉంటాడు. నేను అందులో అడ్మిన్నని వాడికీ తెలియదు. అక్కడ నా పేరు ముసలి సైరన్.

తీసేద్దామని వేలు పెట్టాను. మళ్లీ ఆగాను. తీసేస్తే ఏం బుద్ధొస్తుంది? ఇది నేను పెంచిన గుంపు. కొత్తవాళ్లని ఎలా నమలాలో వాళ్లకి నేర్పింది నేను. ఓకే నొక్కాను.

జూన్ 15, సాయంత్రం

అనుకున్నట్టే మొదలైంది. ఏడో రూల్ చదివావా అన్నారు. పుట్టగానే పరుగా అన్నారు. పార్ట్‌నర్‌ని అమ్ముకునే రకం అన్నారు. కాఫీ తాగుతూ ఒక్కొక్కటే చదివాను. కాఫీ చాలా బాగుందని మా ఆవిడకి చెప్పాను. వింతగా చూసింది.

జూన్ 16

కొంప మునిగింది.

కత్తెర పొద్దున్నే గ్రూపులోకి వచ్చి ఒకే ప్రశ్న అడిగింది, ఆ పేషెంట్ ఉన్నాడా పోయాడా అని. ఉన్నాడు, కుడివైపు గాలి లేదని నాకు తెలిసింది కాబట్టి ఉన్నాడు అని పిల్ల రాసింది. అంతే. గుంపంతా ఒక్కసారి పక్కకి తిరిగింది. పిల్లని వదిలేసి నా మీద పడ్డారు.

వాడి చెవులు ఎప్పుడో రిటైరయ్యాయి, నోరొక్కటే డ్యూటీ చేస్తోంది అన్నాడొకడు. పరువు కోసం ప్రాణాలు తీసే రకం అంది ఒకావిడ. వాడిని తీసి అవతల పారెయ్యండి అన్నాడు ఇంకొకడు. ఆ మాట నాది. అన్నీ నా మాటలే, నా వెటకారమే. ఇన్నేళ్లుగా నేను కొత్తవాళ్ల మీద వాడినవే. ఎంత శ్రద్ధగా నేర్చుకున్నారో!

చివరికి ముసలి సైరన్ గారు ఏమంటారు అని మొదలుపెట్టారు. ఇలాంటివాళ్లకి ఉప్పుపాతర వేసేది ఆయనే కదా, ఎక్కడున్నారు, రమ్మనండి అన్నారు. తీర్పు చెప్పడానికి నన్ను పిలుస్తున్నారు.

ఇదంతా బండిలో కూర్చునే చదివాను. ఎదురు సీట్లో పిల్ల. నా జేబులో ఫోన్ వణికినప్పుడల్లా ఆమె చేతిలోదీ వెలుగుతోంది. ఆమె మొహం పాలిపోయింది. నా మొహం ఎలా ఉందో తెలియదు. ఇద్దరం ఒకటే చదువుతున్నామని నాకొక్కడికే తెలుసు.

అప్పుడు పిల్ల టైప్ చేయడం మొదలుపెట్టింది. రెండు బొటనవేళ్లూ ఆడుతుంటే చూస్తూ కూర్చున్నాను. నా జేబు వణికింది.

మా బాబాయ్‌ని అలా అనకండి అని మొదలుపెట్టి ఇలా రాసింది: నేనడిగింది ఆయన్ని ఎలా తీసేయాలని కాదు, ఆయనకి ఎలా చెప్పాలని. చీకటి గదిలో ముసలమ్మ చేతికి ఒక్క పోటుతో సూది ఎక్కించే మనిషి ఆయన, వేళ్లతోనే చూస్తాడు. నా బూటుకి ఈ ముడి వేసింది కూడా ఆయనే, మెట్ల మీద వంగి. మీ నాలుగువేల మందిలో కొత్తగా వచ్చినవాళ్లకి లేసు కట్టినవాళ్లు ఎవరైనా ఉన్నారా?

పెద్దవాళ్లతో మాట్లాడే పద్ధతి ఇదేనా అని ఎవడో అందుకున్నాడు. పిల్ల గ్రూపులోంచి వెళ్లిపోయింది. ఫోన్ జేబులో పెట్టుకుని కిటికీలోంచి బయటికి చూసింది.

బాబాయ్ అనొద్దన్నాను కదా. వెనకాల అనుకుంటోందన్నమాట.

జూన్ 16, రాత్రి

గదిలో తలుపేసుకుని స్టెత్ తీసి నా గుండె మీదే పెట్టుకున్నాను. కొట్టుకుంటోంది. వేళ్లకి తెలుస్తోంది.

వేళ్లకే తెలుస్తోంది.

జూన్ 17

హారన్‌ని షెడ్డు వెనక్కి తీసుకెళ్లి, అడ్రస్‌లు ఎందుకు వల్లిస్తావురా అని అడిగాను. నేల చూపులు చూశాడు. తర్వాత తలెత్తి, నా మొహంలోకి చూస్తూ చెప్పాడు. రెండేళ్ల నుంచీ నీకు సరిగ్గా వినబడటం లేదు బావా, అందుకే వల్లించమని అక్క చెప్పింది అన్నాడు. మరి నాకెందుకు చెప్పలేదురా అంటే, నీకు చెప్పి బతికిన మొగాడెవడు అన్నాడు.

ఇంటికెళ్లి మా ఆవిడ మీద అరిచాను. రెండేళ్లు నా వెనకాల నాటకమాడారు, తమ్ముడూ అక్కా కలిసి. నన్ను పిచ్చివాణ్ణి చేశారు. ఆవిడ కంగారు పడలేదు. చెప్పానండీ, రెండుసార్లు చెప్పాను, గొణక్కు అన్నారు అంది. ఆ తర్వాత కళ్లు తుడుచుకుంది. నాకు అప్పటికీ కోపం తగ్గలేదు. ఎవరి మీదో తెలియడం లేదు, అందుకే తగ్గలేదు.

రంగులేసే మనిషి గుర్తొస్తున్నాడు. రెండు వైపులా గాలి ఆడుతోంది అన్నాను. ఏమీ వినబడకుండానే అన్నాను. వినబడలేదని నాకు తెలుసు. ఎప్పుడూ వినబడేది కదా అని, అలవాటుగా అనేశాను. ఇంకెంతమంది దగ్గర అలా అన్నానో.

భయమేస్తోంది. ఇది కాగితం కాబట్టి రాస్తున్నాను.

జూన్ 18, ఉదయం

డ్యూటీకి బయల్దేరేముందు బూట్లు కిందపెట్టి ఫోటో తీశాను. ముందువైపు తోలు లేచిపోయింది, కుడి మడమ అరిగిపోయింది. గ్రూపులో పెట్టాను. ముసలి సైరన్ పేరుతోనే. ఆ సీనియర్ బూట్లు ఇవే, తీర్పు చెప్పమన్నారుగా అని రాశాను. అడ్మిన్ పని కత్తెరకి అప్పగించేశాను. హాయ్ ఫ్రెండ్స్ కుర్రాణ్ణి మళ్లీ చేర్చుకోమని చెప్పాను.

నాలుగువేల మంది. చూసుకోనీ అని ఫోన్ జేబులో పడేసి డ్యూటీకి బయల్దేరాను.

జూన్ 18, మధ్యాహ్నం

పిల్ల వేరే బండికి మార్చమని అర్జీ రాసి జేబులో పెట్టుకు తిరుగుతోందని హారన్ చెప్పాడు. వెళ్లి నిలబడ్డాను. ఈసారి నేనే ఎదురుగా వెళ్లి నిలబడ్డాను. ఆ అర్జీ చింపెయ్, సూపర్‌వైజర్ గదికి పద అన్నాను. తనమీద ఫిర్యాదు చేయడానికి తీసుకెళుతున్నాననుకుంది.  నేనేం తప్పు చేశానంది.

తప్పు కాదు, నాకు తోడు రావాలి అన్నాను. నా చెవుల సంగతి ఆయనకి నేనే చెప్పుకుంటాను. కానీ ఆయన గొణుగుతాడు, ఏమన్నాడో నువ్వు నాకు చెప్పాలి.

పిల్ల అర్జీ తీసి చింపేసింది. దారిలో నా భుజం మీది సంచి లాక్కుంది. సంచి ఇటివ్వమని అరిచాను. ఇవ్వలేదు.

జూన్ 21

సూపర్‌వైజర్ చెవుల పరీక్షకి పంపాడు. పిల్ల తోడొచ్చి బయట కూర్చుంది. చిన్న గదిలో హెడ్‌ఫోన్లు పెట్టి, చప్పుడు వినబడినప్పుడల్లా బటన్ నొక్కమన్నారు. కుడిచెవికి అప్పుడప్పుడూ నొక్కాను. తర్వాత ఎడమచెవి అన్నారు. బటన్ మీద వేలు పెట్టుకుని కూర్చున్నాను. ఎంతకీ మొదలుపెట్టరు. విసుగొచ్చి, ఇంకెప్పుడు మొదలుపెడతారని అరిచాను.

తలుపు తెరుచుకుంది. పిల్ల లోపలికొచ్చి నా ఎదురుగా నిలబడింది. అయిపోయింది బాబాయ్ అంది.